మెనూలో ‘సంపాదనా’: కోల్‌కతా చెప్పే లినక్స్ కథ

కోల్‌కతాకు బదిలీ మీద వచ్చిన తెలుగువాళ్లెవరైనా బెంగాలీలో నడిచే కంప్యూటర్ ముందు కూర్చుంటే మొదట నవ్వొచ్చేది మెనూ చూసినప్పుడే. ‘ఫైల్’ అన్న మాట పక్కనే ‘సంపాదనా’ అని ఉంటుంది. జీతభత్యాలకు సంబంధించిన మీట కాబోలు అనుకుని నొక్కితే జీతం రాదు గానీ కట్, కాపీ, పేస్ట్ వస్తాయి. బెంగాలీలో సంపాదనా అంటే దిద్దడం, సరిచేయడం. మన ‘సంపాదకుడు’ అనే మాటలో మిగిలి ఉన్న అర్థం అదే. మనం ‘సంపాదన’ను డబ్బుకు వాడుకున్నాం, వాళ్లు అక్షరానికి వాడుకున్నారు.

ఈ మాటను ఆ మెనూలోకి ఎవరు తెచ్చారు? కంపెనీలు ఇటు చూడకముందే ఆ పని మొదలుపెట్టింది జీతం తీసుకోని కొందరు కుర్రాళ్లు. పగలు చదువో ఉద్యోగమో చేసుకుంటూ, రాత్రిళ్లు ఒక్కో ఇంగ్లీషు వాక్యానికి బెంగాలీ వాక్యం రాస్తూ పోయారు. ఆ పని లినక్స్ కోసం జరిగింది. కంప్యూటర్‌తో పెద్దగా పరిచయం లేనివాళ్లు కూడా బెదరకుండా వాడుకోగలిగే లినక్స్‌ను ఎలా తయారు చేస్తారో చెప్పుకోవాలంటే కోల్‌కతా మంచి ఊరు. మనకు దీంతో పని ఏమిటంటారా? ఉంది.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలుగా ఇచ్చే భద్రతా సవరణలు ఆగిపోయాయి. ఆరేడేళ్ల కిందట ఎల్‌టీసీ డబ్బుతోనో, ఎరియర్స్ వచ్చినప్పుడో కొన్న ల్యాప్‌టాప్‌లు మన ఇళ్లలో చాలా ఉన్నాయి. వాటిలో అనేకం విండోస్ 11 అడిగే ప్రాసెసర్, భద్రతా చిప్ లేక అక్కడే ఆగిపోయాయి. మిషను బాగానే ఉంటుంది, తెర వెలుగుతుంది, పిల్లలు ప్రాజెక్టు వర్కులు చేసుకుంటారు. కానీ తలుపు గడియ పాడైన ఇల్లు అది. అదే మిషను మీద నెట్ బ్యాంకింగ్ చేస్తున్నామన్న సంగతి మన ఇళ్లలోవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. కొత్తది కొనడం ఒక దారి. సవరణలు ఆగిన వ్యవస్థతోనే నెట్టుకురావడం ఇంకో దారి, అది దారి కాదు. మూడోది, ఆ మిషనులోకే బాగా నడిచే లినక్స్‌ను ఎక్కించడం.

శాఖ, స్ట్రాంగ్ రూమ్, తాళం చెవి

లినక్స్ అంటే నిజానికి కెర్నల్ ఒక్కటే. బ్యాంకు భాషలో చెప్పుకుందాం. కంప్యూటర్‌లో మెమరీ, డిస్కు, కీబోర్డు, ప్రింటరు అన్నీ స్ట్రాంగ్ రూమ్‌లోని సొత్తు లాంటివి. బ్రౌజర్, ఆటలు, లెక్కల ప్రోగ్రాములు కౌంటర్లలో కూర్చున్నవాళ్లు. ఎవరికి ఏం కావాలన్నా తాళం చెవులున్న ఆఫీసరును అడగాల్సిందే, తమంతట తాము లోపలికి వెళ్లడానికి వీల్లేదు. ఆ తాళం చెవుల ఆఫీసరే కెర్నల్. ఫిన్లాండ్‌లోని హెల్సింకీలో చదువుకుంటున్న లీనస్ టోర్వాల్డ్స్ 1991 ఆగస్టు 25న తాను దీన్ని రాస్తున్నట్టు ప్రకటించాడు. అప్పటికి ఎనిమిదేళ్ల ముందు, 1983లో, అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అనే పథకం మొదలుపెట్టాడు. ఎవరైనా వాడుకోవచ్చు, లోపల ఏముందో చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు, పదిమందికి పంచవచ్చు అన్నది అతని షరతు. ఆ షరతులో అతని బృందం తయారుచేసిన పనిముట్లు, ఈ కెర్నల్ కలిశాయి.

అయితే ఆఫీసరు ఒక్కడు ఉంటే శాఖ నడుస్తుందా? కౌంటర్లు కావాలి, ఫారాలు కావాలి, బోర్డు కావాలి, తెలియనివాళ్లకు దారి చూపే మనిషి కావాలి. ఇవన్నీ సమకూర్చి, తలుపు తీస్తే పని మొదలయ్యేలా సిద్ధం చేసిన శాఖే ‘డిస్ట్రో’. డిస్ట్రిబ్యూషన్ అన్న మాటకు పొట్టిపేరు. 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టిన డెబియన్ వాటిలో పెద్దన్న. ఆయన పేరులోని ఇయాన్, ఆయన స్నేహితురాలు డెబ్రా పేరు కలిపితే డెబియన్. ఇప్పుడు దాని గిడ్డంగిలో 60 వేలకు పైగా ప్యాకేజీలు ఉన్నాయి. కొత్తగా డిస్ట్రో చేయాలనుకునేవాళ్లు చాలామంది ఈ గిడ్డంగి నుంచి సరుకు తెచ్చుకుని, తమ ఊరివాళ్లకు ఏం కావాలో చూసి కొత్త దుకాణం సర్దుతారు. ఉబుంటు అలా వచ్చిందే. మన దేశంలో వచ్చినవాటిలో ఎక్కువా అంతే.

పదవీ విరమణ చేసిన మన పెద్దలకు ఒక మాట. 1984 నాటి రంగరాజన్ కమిటీ నివేదిక తర్వాత శాఖల్లోకి లెడ్జర్ పోస్టింగ్ మెషిన్లు, ఆ వెనుక శాఖ మొత్తాన్ని కలిపే కంప్యూటర్లు వచ్చిన రోజులు గుర్తున్నాయా? నల్ల తెర మీద పచ్చటి అక్షరాలు, లాగిన్ అని అడిగే చుక్క. ఆ తరం శాఖల్లో చాలాచోట్ల లోపల నడిచింది యూనిక్స్ వంశపు వ్యవస్థే. లినక్స్ దాని అచ్చు పోలికలతో పుట్టింది. కాబట్టి లినక్స్ మీకు కొత్త చుట్టం కాదు, పేరు మార్చుకుని వచ్చిన పాత పరిచయస్తుడు.

అడ్డుకున్న ఊరే నాటింది

కంప్యూటర్ల విషయంలో కోల్‌కతాది విచిత్రమైన చరిత్ర. దేశంలో మొదటి డిజిటల్ కంప్యూటర్ వచ్చింది ఇక్కడికే. బరానగర్‌లో మహలనోబిస్ స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు 1950ల మధ్యలో ఇంగ్లండు నుంచి హెచ్‌ఈసీ-2ఎం అనే యంత్రం దిగింది. 1966లో అదే సంస్థ, జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం కలిసి సొంతంగా ఇంకో యంత్రం తయారు చేశాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే ఎల్‌ఐసీ ఇలాకో హౌస్‌లో కంప్యూటర్ పెట్టబోతే, ఉద్యోగాలు పోతాయన్న భయంతో ఉద్యోగులు రాత్రింబవళ్లు భవనం ముందు కాపలా కాసి రాకుండా ఆపారు. ఆ పోరాటం మంచిచెడ్డల మీద ఇప్పటికీ మన క్యాంటీన్లలో వాదన నడుస్తుంది, నడవనివ్వండి. నాకు ముఖ్యంగా కనిపించేది ఒకటే. యంత్రం ఎవరి చేతిలో ఉంటుంది, ఎవరి భాషలో మాట్లాడుతుంది అన్న ప్రశ్న ఈ ఊరికి పాతదే.

2000 దాటాక ఆ ప్రశ్నకు ఇంకో రకం జవాబు వచ్చింది. కోల్‌కతాలో అప్పటికే లినక్స్ వాడేవాళ్ల సంఘం ఉంది. కోల్‌కతాలోను, సరిహద్దు అవతల ఢాకాలోను, ఉత్తర అమెరికా లాంటి చోట్ల స్థిరపడిన బెంగాలీల్లోను ఉన్న కొందరు ‘అంకుర్’ పేరుతో కలిశారు. అంకుర్ అంటే మన అంకురమే. లినక్స్ డెస్క్‌టాప్ మొత్తం బెంగాలీలో కనిపించాలి, బెంగాలీలో టైపు చేయగలగాలి, అది మామూలు మనిషి వాడేలా ఉండాలి. ఇదీ వాళ్లు పెట్టుకున్న పని.

చెప్పడానికి ఒక్క వాక్యం. చేయడానికి ఏళ్లు పట్టింది. డెస్క్‌టాప్‌లో కనిపించే ప్రతి మాటా ఒక వరుస. వరుసలో పైన ఇంగ్లీషు, కింద ఖాళీ. ఆ ఖాళీలో బెంగాలీ రాయాలి. ‘సేవ్’ లాంటివి సులువు, వాళ్లు ‘సంరక్షణ్’ అన్నారు. కానీ ‘ఇన్ని ఫైళ్లను ఫలానా ఫోల్డరులోకి కాపీ చేస్తున్నాం’ లాంటి వాక్యంలో అంకె, ఫోల్డరు పేరు ఆ క్షణాన కంప్యూటర్ పూరిస్తుంది. ఇంగ్లీషులో కాపీ ముందొస్తుంది, ఫోల్డరు చివర వస్తుంది. బెంగాలీలోనూ తెలుగులోనూ క్రియ చివర. ఖాళీల వరుస తారుమారు చేయకపోతే పేరు ఉండాల్సిన చోట అంకె పడుతుంది. ఇలాంటి వాక్యాలు పదుల వేలు.

పైగా ఎవరి బెంగాలీ? కోల్‌కతాలో ‘జల్’ అన్నది ఢాకాలో ‘పానీ’. రెండు దేశాల తేదీ, కరెన్సీ పద్ధతులు వేరు. అందుకే లినక్స్‌లో బెంగాలీకి భారత్, బంగ్లాదేశ్ అని రెండు స్థానిక పట్టికలు ఉంటాయి. బ్యాంకువాళ్లకు నచ్చే సంగతి ఒకటి ఆ పట్టికలో ఉంది. ఒక కోటీ ఇరవై లక్షలను మనం రాసేలా కామాలు పెట్టాలా, మిలియన్ల లెక్కన పెట్టాలా అన్నది అక్కడ రాసిన రెండంకెలే తేలుస్తాయి. మొదటి కామా మూడంకెలకు, ఆపైన రెండేసి అంకెలకు. తెలుగు పట్టికలోనూ అలాగే ఉంటుంది. మీ స్ప్రెడ్‌షీట్‌లో లక్ష సరిగ్గా లక్షలా కనిపిస్తే, ఎవరో ఒకరు ఆ రెండంకెలు శ్రద్ధగా రాసినందువల్లే.

రూపాయి గుర్తుదీ అదే కథ. 2010 జులైలో కేంద్రం ₹ గుర్తును ఖరారు చేసింది. అక్టోబరులో అది యూనికోడ్‌లోకి ఎక్కింది. అదే నెల వచ్చిన ఉబుంటు 10.10 తన కొత్త ఫాంటులో ఆ గుర్తును పెట్టుకునే వచ్చింది. ఆ సమయంలో చాలా కంప్యూటర్లలో దాని బదులు ఖాళీ డబ్బా కనిపించేది. మూలం తెరిచి ఉంటే ఎవరో ఒకరు చేయి పెట్టగలరనడానికి ఇది చిన్న ఉదాహరణ.

ఉత్పల్ బాబు ఖాతా ఎక్కడ?

అనువాదం కన్నా గట్టి చిక్కు అక్షరాలది. మన ‘స్త్రీ’ చూడండి. కంటికి ఒక్క అక్షరం. కంప్యూటర్ లోపల స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం, మొత్తం ఆరు సంకేతాలు. ఆ ఆరింటినీ చూసి ఒక్క ముద్దగా గీయాల్సిన బాధ్యత ఫాంటుది, దాన్ని నడిపే ప్రోగ్రాముది. బెంగాలీలో ఇంకో మెలిక, గుడి గుర్తు హల్లుకు ఎడమపక్క కూర్చుంటుంది. పలికేది తర్వాత, కనపడేది ముందు. టైపు చేసినప్పుడు అక్షరం వెనక్కి గెంతి దాని ముందు చేరాలి. మొదట్లో అన్ని ప్రోగ్రాములూ ఇది సరిగ్గా చేసేవి కావు. ‘ముక్తి’ అనే పేరుతో బెంగాలీకి స్వేచ్ఛగా పంచుకోదగ్గ ఫాంటు రావడం, ఆ తర్వాత ఇతర ఫాంటులు రావడం ఈ క్రమంలోనే.

వీటన్నిటిలోకి రంజైనది ‘ఖండ త’ తగువు. బెంగాలీలో మాట మధ్యలోనో చివరో అచ్చులేని త్ వచ్చినప్పుడు దానికి వేరే ఆకారం ఉంది, కిందికి తోక ఉన్న చిన్న ముక్క. శరత్కాలంలో కోల్‌కతా వీధి వీధినా కట్టే దుర్గోత్సవ్ బ్యానర్లలో మీరు చూసేది అదే. మొదట్లో యూనికోడ్‌లో దీనికి సొంత సంకేతం ఇవ్వలేదు. త, పొల్లు, కంటికి కనపడని ఒక కలుపు గుర్తు, ఈ మూడూ వరసగా ఉంటే ఖండ తగా గీయండి అన్నారు. ఏదైనా ప్రోగ్రాము ఆ కనపడని గుర్తును చెత్త అనుకుని ఊడ్చేస్తే మాట రూపమే మారిపోయేది. చాలా వాదప్రతివాదాల తర్వాత 2005లో వచ్చిన యూనికోడ్ 4.1లో ఖండ తకు సొంత సంకేతం దక్కింది.

కథ అంతటితో సుఖాంతం కాలేదు. ఉత్పల్ అనే పేరు బెంగాలీలో రాస్తే అందులో ఖండ త వస్తుంది. 2005కు ముందు పద్ధతిలో ఎక్కించిన ఉత్పల్, తర్వాతి పద్ధతిలో ఎక్కించిన ఉత్పల్ తెర మీద అచ్చంగా ఒకేలా కనిపిస్తారు. కానీ వెతికితే ఒకరు దొరికినప్పుడు ఇంకొకరు దొరకరు. కేవైసీలో ఇంటిపేరు ఒక అక్షరం తేడా వస్తేనే ఎంత తలనొప్పో మన ఇళ్లలో భోజనాల దగ్గర విన్న కథలే చాలు. ఇక్కడ తేడా కంటికి కూడా ఆనదు. ఇలాంటివి ముందే పట్టుకుని రెండు రూపాలనూ ఒకటిగా చూసేలా సరిచేయడం డిస్ట్రో తయారీలో భాగమే. బయటకు కనిపించదు, మెచ్చుకునేవాళ్లూ ఉండరు.

మనకూ ఇలాంటిదే ఒకటి ఉంది. పాత తెలుగు పుస్తకాల్లో పద్యాల చివర కనిపించే నకార పొల్లు. దానికి సొంత సంకేతం వచ్చింది 2021లో, యూనికోడ్ 14లో. బెంగాలీలకన్నా పదహారేళ్లు ఆలస్యం.

సీడీ పెట్టి చూడు

అక్షరాలు కుదిరాయి, మెనూలు కుదిరాయి. జనం చేతికి ఎలా అందించాలి? అప్పట్లో లినక్స్ ఎక్కించడమంటే డిస్కును ముక్కలుగా విడగొట్టడం, పొరపాటున విండోస్‌ను తుడిచేయడం, ఇంట్లోవాళ్లతో తిట్లు తినడం. 2000లో జర్మనీలో క్లాస్ నాపర్ తెచ్చిన నాపిక్స్ ఈ భయాన్ని పోగొట్టింది. సీడీ పెట్టి కంప్యూటర్ ఆన్ చేస్తే లినక్స్ ఆ సీడీ మీదే నడుస్తుంది. డిస్కును ముట్టదు. సీడీ తీసేసి మళ్లీ ఆన్ చేస్తే ఎప్పటిలా విండోస్. అంకుర్ బృందం ఈ దారినే పట్టుకుంది. బెంగాలీ మెనూలతో, ఫాంటులతో, కీబోర్డుతో ‘లైవ్ డెస్క్‌టాప్’ సీడీని తయారు చేసింది. అనువాదం ఎన్ని వాక్యాలు అయిందని లెక్కలు చెబితే ఎవరూ వినరు. సీడీ పెట్టి అమ్మభాషలో తెర చూపిస్తే వింటారు.

ఈ విషయంలో ఉబుంటుకూ పేరు ఇవ్వాలి. 2004 అక్టోబరులో మొదటి విడుదల. ఒక పనికి ఒకే ప్రోగ్రాము, అన్నీ ఒకే సీడీలో, అన్నది దాని పద్ధతి. అంతకు ముందు లినక్స్ ఎక్కిస్తే ఐదు ఎడిటర్లు, మూడు బ్రౌజర్లు వచ్చి దేన్ని నొక్కాలో తెలిసేది కాదు. పైగా అడిగితే చాలు, పోస్టులో ఉచితంగా సీడీ ఇంటికొచ్చేది, 2011 దాకా. ఇంటర్నెట్ చుక్కలు చుక్కలుగా వచ్చే రోజుల్లో ఇది మన దేశంలోని కుర్రాళ్లకు ఎంత మేలో చెప్పలేం.

ఇక ప్రభుత్వం వైపు నుంచి. పశ్చిమ బెంగాల్ ఐటీ శాఖ అండతో కోల్‌కతాలో ఏర్పడిన భాషా సాంకేతిక పరిశోధన సంస్థ, పొట్టిపేరు ఎస్‌ఎన్‌ఎల్‌టీఆర్, ‘బైశాఖీ లినక్స్’ను తెచ్చింది. పొయిలా బైశాఖ్ అంటే బెంగాలీ ఉగాది. ఆ రోజు వ్యాపారులు పాత లెక్కలు మూసి ‘హాల్‌ఖాతా’ అనే కొత్త పుస్తకానికి పూజ చేసి, ఖాతాదారులకు మిఠాయి పెడతారు. ఆ పండుగ పేరు డిస్ట్రోకు పెట్టడం నాకు భలేగా నచ్చింది. రవీంద్రుడి సమగ్ర రచనలను యూనికోడ్ బెంగాలీలో అందరూ చదువుకునేలా పెట్టింది కూడా ఈ సంస్థే.

అంకుర్ లైవ్ డెస్క్‌టాప్, బైశాఖీ ఇప్పుడు ఎక్కడున్నాయని చాందినీ మార్కెట్ దుకాణాల్లో అడిగితే ఎవరికీ తెలియదు. అయితే అవి ఓడిపోయాయా? నేనైతే అలా అనుకోను. వాళ్ల శ్రమంతా మూలంలోకి వెళ్లి చేరింది. గ్నోమ్, కేడీఈ, ఫైర్‌ఫాక్స్, ఆఫీసు ప్రోగ్రాములు అన్నిటి అసలు ప్రతుల్లోనే బెంగాలీ చేరాక, వేరే బెంగాలీ సీడీ అవసరం తగ్గింది. ప్రపంచంలో ఏ మూల ఏ లినక్స్ ఎక్కించినా భాషల జాబితాలో బెంగాలీ ఉంటుంది. కీబోర్డుల జాబితా తెరిస్తే బంగ్లా కింద ‘బైశాఖీ’, ‘గీతాంజలి’, ‘బర్ణనా’ అని పేర్లు కనిపిస్తాయి. డిస్ట్రో మరుగున పడ్డా దాని పేరు కీబోర్డులో నిలిచింది.

అదే జాబితాలో కొంచెం కిందికి వెళితే తెలుగు, దాని కింద ‘సరళ’ అనే అమరిక.

మన వైపు

హైదరాబాదులో ఇదే పనిని ‘స్వేచ్ఛ’ చేపట్టింది. డెబియన్ పునాది మీద తెలుగు మెనూలతో సొంత డిస్ట్రో తెచ్చింది. ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలు వర్క్‌షాపుల్లో కూర్చుని అనువదించారు, పరీక్షించారు. బడిపిల్లల కోసం ‘బాల స్వేచ్ఛ’ అని వేరే కూర్పు ఉంది, పదో తరగతి వరకు లెక్కలు, భౌతికం, భూగోళం లాంటి వాటికి ఆటపాటల ప్రోగ్రాములతో. తెలుగు అనువాదకులు ‘ఫైలు’కు ‘దస్త్రం’ అన్నారు. కరణాల కాలం నాటి మాట. దీని మీద మా ఇంట్లోనే రెండు పార్టీలు. బ్యాంకులో నలభై ఏళ్లు ఫైలు అన్నవాళ్లకు దస్త్రం మింగుడు పడదు. తెలుగు మీడియంలో చదివిన పల్లెటూరి పిల్లకు మాత్రం రెండూ ఒకటే, రెండూ కొత్తే. అలాంటప్పుడు దస్త్రం ఎందుకు నేర్పకూడదన్నది రెండో పార్టీ వాదన. నా ఓటు ఫైలుకే.

కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ చెన్నైలో తయారు చేసిన ‘బాస్’, అంటే భారత్ ఆపరేటింగ్ సిస్టమ్ సొల్యూషన్స్, 2007 నుంచి వస్తోంది. ఇదీ డెబియన్ సంతానమే. తెలుగు, బెంగాలీ సహా మన భాషలన్నిటికీ చోటు ఉంది. విడుదలలకు అనోఖా, అనూప్, దృష్టి, ఉన్నతి, ఊర్జా, ప్రజ్ఞ అని పేర్లు పెడతారు. బడులకు ఎడ్యుబాస్ అని వేరే ఉంది. ప్రభుత్వ కార్యాలయాల్లో వాడకం ఉంది గానీ, ఇళ్లలో మాత్రం ఉబుంటు, మింట్ ముందున్నాయి. కొత్త వైఫై చిప్పుల వంటివి త్వరగా గుర్తుపట్టడం, ఇరుక్కుపోతే అడిగే చోట జవాబు దొరకడం, ఈ రెండిటిలో వాటికి పెద్ద సైన్యం ఉంది. కొత్తవాళ్లకు సులువు అన్న మాటకు సగం అర్థం అదే, పక్కింట్లో కూడా అదే ఉండటం.

అసలు ప్రమాదం మరోచోట ఉంది. అనువాదం ఒకసారి చేసి వదిలేసేది కాదు. గ్నోమ్ ఏడాదికి రెండుసార్లు కొత్త కూర్పు వస్తుంది. ప్రతిసారీ కొత్త వాక్యాలు ఇంగ్లీషులో చేరతాయి. వాటిని తెలుగు చేసేవాళ్లు లేకపోతే మెనూలో పైన తెలుగు, కింద ఇంగ్లీషు, మధ్యలో అతుకులు. అప్పుడు వాడేవాడు విసిగి మొత్తం ఇంగ్లీషుకే మార్చుకుంటాడు. వాడేవాళ్లు లేరని అనువాదకుడూ మానేస్తాడు. బెంగాలీకి బంగ్లాదేశ్‌లో ఒక దేశమే అండగా ఉంది. మనకు ఎనిమిది కోట్ల మంది ఉండీ ఈ పని చేసేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు అనిపిస్తుంది. ఇంట్లో ఇంజినీరింగ్ చదివే పిల్లలు ఉంటే చెప్పండి, ఈ పనికి ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు, మంచి తెలుగు వస్తే చాలు. తెలుగు కుటుంబాలు తరాలుగా ఉంటున్న రైల్వే పట్టణం ఖరగ్‌పూర్‌లో ఐఐటీ విద్యార్థుల ఓపెన్ సోర్స్ సంఘం ఏటా చలికాలంలో కొత్త విద్యార్థుల చేత ఇలాంటి పథకాల్లో మొదటి అడుగు వేయిస్తుంది.

ఇంట్లో చూడాలంటే

ముందుగా హెచ్చరిక. ఇదంతా ఇంటి మిషను సంగతి. బ్యాంకు ఇచ్చిన ల్యాప్‌టాప్ మీద ఏదీ ఎక్కించకండి, పెన్‌డ్రైవ్ కూడా పెట్టకండి.

ఎనిమిది జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి చాలు, అందులో ఉన్నదంతా తుడుచుకుపోతుంది కాబట్టి ఖాళీది తీసుకోండి. లినక్స్ మింట్ అధికారిక సైటు నుంచి సుమారు మూడు జీబీల ఫైలు దింపుకోవాలి. నాలుగు జీబీల మెమరీ ఉన్న పాత మిషనుకు ‘ఎక్స్‌ఎఫ్‌సీఈ’ అనే తేలిక కూర్పు మేలు. రూఫస్ లేదా ఎచర్ అనే ఉచిత ప్రోగ్రాముతో ఆ ఫైలును పెన్‌డ్రైవ్ మీదకు ఎక్కించాలి, మామూలుగా కాపీ చేస్తే పనికిరాదు. మిషను ఆన్ చేస్తూనే ఎఫ్12, కొన్నిట్లో ఎఫ్9 లేదా ఎస్కేప్ నొక్కితే దేని నుంచి మొదలుపెట్టాలని అడుగుతుంది. పెన్‌డ్రైవ్ అనండి. ఒకటి రెండు నిమిషాల్లో డెస్క్‌టాప్ వస్తుంది. నాపిక్స్ సీడీ చేసిన పనే ఇప్పుడు పెన్‌డ్రైవ్ చేస్తోంది.

ఒక ఆదివారం అలాగే వాడి చూడండి. వైఫై దొరికిందా, శబ్దం వస్తోందా, ప్రింటరు పలుకుతోందా, కెమెరాలో మొహం కనిపిస్తోందా. కీబోర్డు అమరికల్లో తెలుగు చేర్చి నాలుగు మాటలు కొట్టండి. ఇన్‌స్క్రిప్ట్ రానివాళ్లకు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు వచ్చే ఆర్‌టీఎస్ పద్ధతి కూడా దొరుకుతుంది. నచ్చితే ఫోటోలు, కాగితాలు అన్నీ బయటి డిస్కులోకి తీసి పెట్టుకున్నాకే ఎక్కించండి. ఈ వరుస తప్పొద్దు.

పనిచేయనివీ చెప్పాలి. డిజిటల్ సంతకం టోకెన్లు కొన్ని మొండికేస్తాయి. విండోస్ కోసమే రాసిన ప్రోగ్రాములు, కొన్ని ఆన్‌లైన్ పరీక్షల నిఘా సాఫ్ట్‌వేర్లు నడవవు. పిల్లలకు అలాంటి పరీక్ష ఉంటే ముందే కనుక్కోండి. నెట్ బ్యాంకింగ్ బ్రౌజరులో నడిచేదే కాబట్టి ఇబ్బంది ఉండదు. అయితే లినక్స్ ఎక్కించాం కదా అని ఎవరో ఫోన్ చేసి అడిగితే ఓటీపీ చెప్పేస్తే, తాళం చెవుల ఆఫీసరు కాదు కదా లీనస్ టోర్వాల్డ్స్ వచ్చినా కాపాడలేడు.

భాషల పట్టికలో తెలుగు ఎంచుకుని, ఎక్కడైనా మెనూలో తెలుగు బదులు ఇంగ్లీషు మాట కనిపిస్తే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. అనువాదకుల బృందాలు అడిగేది సరిగ్గా ఆ జాబితానే.